ఐదో దోషం

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు కట్ట మీద నిలబడితే ఏది కొండో ఏది కట్టో కొత్తవాళ్ళకు చప్పున తెలియదు. వరసగా నాలుగు గుట్టలు, వాటి మధ్య మూడు సందులు. ఆ సందుల్లో మట్టికట్ట వేసి, లోపలివైపు కడప బండలు పరిచారు. మనిషి వేసిన కట్ట కొంచెమే, తక్కిన కాపలా అంతా కొండలదే.

దీన్ని కట్టించినవాడు విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, ఉదయగిరి నుంచి ఏలినవాడు. రోజుకు 1,000 మంది కూలీలు, 100 బండ్లతో పని రెండేళ్ళు నడిచిందని భైరవుడి గుడి దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం చెబుతుంది. చెరువు తవ్వించిన పుణ్యం చెప్పుకునే శాసనాలు మన సీమలో కోకొల్లలు. ఇది అక్కడితో ఆగలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు చెప్పింది: జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మట్టి నేల, మూడు యోజనాల అవతలి నుంచి వచ్చే తియ్యటి నీటి ఏరు, దగ్గర్లో రాతిగని, పని తెలిసిన కూలీలు, ఇలా.

ఆ తర్వాత ఆరు దోషాలు. కట్ట ఊట కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ తాబేలు వీపులా మెరక. ఆరోది, చోటు తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం. ఆ బాధ మనకు ఎప్పుడో గాని రాదు. ఐదోది మాత్రం ఇప్పుడు ఇంటింటా ఉంది: నీళ్ళు కొంచెం, తడపాల్సిన నేల బోలెడు.

చెరువు నీళ్ళు కంటికి కనబడతాయి. సగం నిండితే సగం మడే నాటుకునేవాళ్ళు, నీరుగట్టి వంతులు తిప్పేవాడు. బోరు నీళ్ళు కనబడవు గనక అప్పు పుట్టినంత మేరా సాగే. మా చేలో మూడో బోరు వేసిన రాత్రి తెల్లవార్లూ బండి మోగింది. పొద్దున మా అవ్వ బోరులోంచి వచ్చిన బూడిదరంగు దుమ్ము గుప్పిట పట్టి పిసికింది. ముద్ద కాలేదు.

వాన అదను తప్పుతున్న ఈ రోజుల్లో చెరువుల్లో పూడిక తీయడం ఒక్కటే చాలదు. చెరువులో ఎంతుంది, బోర్లలో నీళ్ళు ఎంత లోతుకు దిగాయి, తాగడానికి పోగా ఎన్నెకరాలకు వస్తాయి? నాట్లకు ముందే ఈ లెక్క ఊరందరి ముందు తేలాలి. గ్రామసభలో పూడిక గురించి అడిగే పెద్దలారా, ఈసారి ఇది కూడా అడగండి.