పేర్ల పట్టిక ఎవరి చేతిలో? డొమైన్ నేమ్ వ్యవస్థ చరిత్ర

కమాండ్ లైన్‌లో డిగ్ అని టైపు చేసి ఒక వెబ్‌సైటు పేరు ఇస్తే దాని అంకెల చిరునామా వస్తుంది. డిగ్ అంటే ఇంగ్లీషులో తవ్వడం. చరిత్ర విద్యార్థులకు తగిన పేరే. ఇప్పుడు అదే ఆదేశం చివర ప్లస్ గుర్తు పెట్టి, దానికి ఆనుకుని ట్రేస్ అనే మాట చేర్చి చూడండి. ముందు రూట్ సర్వర్లు, తర్వాత కామ్ లేదా ఇన్ సర్వర్లు, చివరకు ఆ సంస్థ నియమించుకున్న సర్వర్లు కనిపిస్తాయి. పై అంచెలో ఉన్నది తన కింద ఎవరిని అడగాలో మాత్రమే చెబుతుంది. ఈ అంచెలు ఎలా ఏర్పడ్డాయో ఈ భాగంలో తెలుసుకుందాం.

ఆర్పానెట్ కాలంలో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన సమాచార కేంద్రం దానిని నిర్వహించేది. కొత్త కంప్యూటర్ చేరితే ఆ కేంద్రానికి తెలియజేయాలి. వారు ఫైలును సవరించాక మిగిలినవారంతా దానిని మళ్లీ తెచ్చుకోవాలి. నెట్‌వర్క్ పెరిగేకొద్దీ ఈ పద్ధతి భారమైంది.

1983లో పాల్ మాకపెట్రిస్ 882, 883 సంఖ్యలు గల ఆర్‌ఎఫ్‌సి పత్రాలలో పరిష్కారం చూపారు. పట్టికను భాగాలు చేసి, ఏ భాగం బాధ్యతను దాని యజమానికే అప్పగించాలన్నది ఆయన ఆలోచన. భూములన్నిటికీ ఒకే పుస్తకం పెట్టకుండా గ్రామానికొక అడంగల్ ఉంచడం వంటిదే ఇది. 1987లో వచ్చిన 1034, 1035 పత్రాలు నేటికీ ఈ వ్యవస్థకు ఆధారం.

అయితే పై అంచె ఎవరిది? సాంకేతిక పుస్తకాలు ఈ ప్రశ్నను త్వరగా దాటేస్తాయి. మనం దాటకూడదు. అప్పట్లో రూట్ పట్టిక అమెరికా ప్రభుత్వ ఒప్పందం కింద ఒక ప్రైవేటు కంపెనీ సర్వరు నుంచి మిగతా రూట్ సర్వర్లకు అందేది. 1998 జనవరి 28న జాన్ పోస్టెల్ ఎనిమిది రూట్ సర్వర్ల నిర్వాహకులకు ఈమెయిల్ పంపి, ఇకపై పట్టికను తన యంత్రం నుంచి తీసుకోమన్నారు. వారు తీసుకున్నారు. ఆయనకు వారిపై చట్టబద్ధమైన అధికారం లేదు; ఉన్నది ఆయన మీద నమ్మకం. ప్రభుత్వం ఒత్తిడి తేవడంతో పోస్టెల్ అది పరీక్ష మాత్రమేనని చెప్పి పాత పద్ధతిని పునరుద్ధరించారు. అదే ఏడాది ఐకాన్ సంస్థ ఏర్పడింది, ఆయన అక్టోబరులో మరణించారు. అమెరికా ప్రభుత్వ ఒప్పందం ముగియడానికి 2016 అక్టోబరు 1 దాకా పట్టింది.

ఆ తొలి ఫైలు జాడ ఇంకా చెరిగిపోలేదు. అందులోని పేర్లకు లాటిన్ అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే చెల్లేవి. తెలుగు లిపిలోని .భారత్‌కు నేడు రూట్ పట్టికలో చోటుంది. కానీ డిగ్‌తో రూట్ సర్వరును అడిగి చూడండి. అక్కడ అది ఎక్స్, ఎన్ అక్షరాలు, రెండు అడ్డగీతలతో మొదలయ్యే లాటిన్ రూపంలోనే నమోదై ఉంటుంది.