రిపోర్ట్ వచ్చిన రోజు భర్త ఎక్కడున్నాడు? 1811 నుంచి 1974 దాకా మూడు గదుల కథ

హైదరాబాద్‌లో బంజారాహిల్స్ వైపు వెళ్తున్నప్పుడు బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు చాలామంది చూసే ఉంటారు. బసవతారకం గారు ఎన్టీఆర్ గారి భార్య. 1984లో క్యాన్సర్‌తో చనిపోయారు. ఆవిడ పేరు మీద ఆ ఆసుపత్రి 2000లో మొదలైంది. ముంబైలో టాటా మెమోరియల్ కథ కూడా ఇంచుమించు ఇలాంటిదే. దొరాబ్జీ టాటా భార్య మెహర్‌బాయి 1931లో లుకేమియాతో, అంటే బ్లడ్ క్యాన్సర్‌తో పోయారు. ఆ మరుసటి ఏడాదే ఆయనా పోయారు. 1941లో టాటా మెమోరియల్ తెరుచుకుంది.

మనిషి పోయాక జ్ఞాపకంగా ఏం కట్టారో చరిత్ర బాగానే రాసుకుంటుంది. మరి మనిషి ఉండగా? రిపోర్ట్ చేతికొచ్చిన రోజు, ట్రీట్‌మెంట్ మొదలైన మొదటి వారం, ఆ భర్త ఎక్కడున్నాడు? ఏం చేశాడు? ఈ ఎపిసోడ్‌లో మూడు గదుల్లోకి వెళ్లి చూద్దాం.

మొదటి గది పారిస్‌లో ఉంది. 1811 సెప్టెంబర్ 30. ఫ్యానీ బర్నీ ఇంగ్లీషు నవలా రచయిత్రి. భర్త అలెగ్జాండర్ దార్బ్లే, ఫ్రెంచి సైనికాధికారి. 1810లో ఆవిడకి కుడి రొమ్ములో నొప్పి మొదలైంది. డాక్టర్‌కి చూపించుకోమని భర్త పోరుతూనే ఉన్నాడు, ఆవిడ వాయిదా వేస్తూనే ఉంది. మన ఇళ్లల్లో జరిగేదే కదా! చివరికి డాక్టర్లు ఆపరేషన్ తప్పదన్నారు. చేసేది లారే, నెపోలియన్ సైన్యంలో పేరుమోసిన సర్జన్.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. అప్పటికి మత్తుమందు లేదు. ఈథర్ ఇచ్చి ఆపరేషన్ చేయడం జనానికి తెలిసింది 1846లో. అంటే ఆ ఇరవై నిమిషాల ఆపరేషన్ ఫ్యానీకి మత్తు లేకుండానే జరిగింది. ముఖం మీద ఒక పల్చటి రుమాలు కప్పారు. అందులోంచి కత్తి మెరుపు ఆవిడకి కనిపించింది కూడా.

మరి భర్త? ఇంట్లో లేడు. లేకుండా చేసింది ఆవిడే! డాక్టర్లు వచ్చే టైము కొన్ని గంటల ముందే తెలిసింది. వెంటనే ఆయన్ని ఆఫీసులోనే ఏదో పని మీద ఆపి ఉంచేలా ఏర్పాటు చేసింది. తన కేకలు ఆయన వినకూడదు, అంతే. ఆయన తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత నెలల తరబడి ఆవిడ ఈ సంగతి నోటితో చెప్పలేకపోయింది. 1812లో అక్క ఎస్తర్‌కి ఒక పెద్ద ఉత్తరం రాసింది. ఆ ఉత్తరంలో భర్త కూడా కొన్ని మాటలు చేర్చాడు. అంటే ఆ రోజు ఏం జరిగిందో ఆయన కాగితం మీద చదివి తెలుసుకున్నాడు. ఫ్యానీ ఆ తర్వాత ఇంకో 28 ఏళ్లు బతికింది.

రెండో గది బ్యూనస్ ఎయిర్స్ దగ్గర ఒక ఆసుపత్రిలో. 1951 నవంబర్ 6. ఈసారి పేషెంట్ ఎవా పెరోన్, అర్జెంటీనా ప్రెసిడెంట్ భార్య. జనం ముద్దుగా ఎవిటా అనేవాళ్లు. వయసు 32. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. భర్త హువాన్ పెరోన్‌కి క్యాన్సర్ అంటే ఏంటో బాగా తెలుసు, ఎందుకంటే మొదటి భార్యని కూడా 1938లో ఇలాగే పోగొట్టుకున్నాడు.

అమెరికా నుంచి జార్జ్ ప్యాక్ అనే పెద్ద సర్జన్‌ని రహస్యంగా పిలిపించారు. ఎవిటాకి మత్తు ఇచ్చాకే ఆయన గదిలోకి వచ్చాడు. తనకి ఆపరేషన్ చేసింది ఎవరో ఆవిడకి చివరిదాకా తెలియదు. జబ్బు పేరు కూడా ఆవిడకి చెప్పలేదు. ఐదు రోజుల తర్వాత ఎన్నికలు. అర్జెంటీనా ఆడవాళ్లు జాతీయ ఎన్నికల్లో ఓటేయడం అదే మొదటిసారి, దానికోసం కొట్లాడింది ఆవిడే. ఆసుపత్రి మంచం మీదకే బ్యాలెట్ పెట్టె తెచ్చారు. దేశాన్ని ఎవరు పాలించాలో ఓటేసింది. తన ఒంట్లో ఏం జరుగుతోందో మాత్రం ఎవరూ చెప్పలేదు. 1952 జులై 26న చనిపోయింది, 33 ఏళ్లకి.

పెరోన్‌ని తిట్టడం తేలిక. కానీ ఆ రోజుల్లో పద్ధతే అది. 1961లో అమెరికాలో చికాగో డాక్టర్లని అడిగితే, క్యాన్సర్ అని పేషెంట్‌కి సాధారణంగా చెప్పం అన్నవాళ్లు 90 శాతం. మరి ఎవరికి చెప్పేవాళ్లు? ఇంట్లోవాళ్లకి. అంటే నిజాన్ని మోసే పని భర్త మీదో భార్య మీదో పడేది. పక్కనే కూర్చుని నవ్వాలి, బయటికెళ్లి ఏడవాలి.

మధ్యలో ఇంకో మార్పు వచ్చింది. దాని వెనక మన భీమవరంలో పుట్టిన మనిషి ఉన్నాడు, యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన టీమ్ తయారుచేసిన అమినాప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాని కొంతకాలం వెనక్కి నెట్టగలిగాడు. అది 1948లో అచ్చయింది. అదే ఏడాది సుబ్బారావు గారు పోయారు. దాని తోబుట్టువు లాంటి మందే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ వాడుతున్నారు. సర్జరీ ఒక్క రోజు పని. మందులతో ట్రీట్‌మెంట్ అలా కాదు, నెలల తరబడి నడుస్తుంది. అన్ని నెలలు అబద్ధం చెప్పి నెట్టుకురావడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

ఇక మూడో గది. 1974 సెప్టెంబర్, అమెరికా. జెరాల్డ్ ఫోర్డ్ ప్రెసిడెంట్ అయి రెండు నెలలు కూడా కాలేదు. భార్య బెట్టీ, 56 ఏళ్లు, మామూలు చెకప్‌కి వెళ్తే రొమ్ములో గడ్డ బయటపడింది. మర్నాడు మధ్యాహ్నం వైట్‌హౌస్‌కి వచ్చిన అతిథులకి టీ ఇచ్చి, వాళ్లకి ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్లి ఆసుపత్రిలో చేరింది. 28న ఆపరేషన్. ఆ ముందు రాత్రి తన జీవితంలోనే అంత ఒంటరి రాత్రి లేదని ఫోర్డ్ తర్వాత రాసుకున్నాడు. ఆపరేషన్ రోజు ఒక పెద్ద ఆర్థిక సదస్సు ఉంది. ఆసుపత్రి నుంచి నేరుగా అక్కడికి వెళ్లి, నా భార్య ఆపరేషన్ బాగా జరిగింది అని చెప్తూ అందరి ముందూ గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు.

లింఫ్ గ్రంథుల్లో కూడా క్యాన్సర్ దొరికింది. అందుకని తర్వాత కీమో మాత్రలు వాడింది. ఆసుపత్రి లోపల ఒక ఫోటో ఉంది. బెట్టీ గౌను వేసుకుని ఫుట్‌బాల్ విసురుతోంది, ఫోర్డ్ పట్టుకుంటున్నాడు. దాచలేదు, జబ్బు పేరు పేపర్లకి చెప్పేశారు. దేశమంతా ఆడవాళ్లు చెకప్‌లకి వెళ్లారు. కొద్ది వారాల్లోనే, వైస్ ప్రెసిడెంట్ పదవికి ఎంపికైన రాక్‌ఫెల్లర్ భార్యకి కూడా గడ్డ దొరికింది. బెట్టీ 2011 దాకా, 93 ఏళ్లు బతికింది. డాక్టర్లూ మారారు. 1979లో మళ్లీ అడిగితే 97 శాతం మంది చెప్తాం అన్నారు.

ఇప్పుడు అసలు విషయం. ఈ మూడు కథలూ విని, భర్త పక్కనే ఉంటే మంచి, దూరంగా ఉంటే చెడు అనుకుంటే పొరపాటు. ఫ్యానీ భర్త గదిలో లేడు, కానీ ఆ నిర్ణయం ఆవిడది. పెరోన్ పక్కనే ఉన్నాడు, కానీ నిర్ణయాలన్నీ ఆవిడకి తెలియకుండా జరిగాయి. బెట్టీకి అన్నీ తెలుసు, ఆయనకీ తెలుసు. కాబట్టి ఇద్దరూ ఒకే మాట మాట్లాడుకోగలిగారు.

మన దగ్గర ఇప్పటికీ ఆసుపత్రి కారిడార్‌లో, "డాక్టర్ గారూ, మా ఆవిడకి చెప్పకండి, తట్టుకోలేదు" అనే మాట వినిపిస్తూనే ఉంది. ప్రేమతోనే అంటారు. కానీ రేపు కీమో సీసా ఎక్కేది ఆవిడ చేతికి. జుట్టు రాలేది ఆవిడకి. వార్డులో పక్క మంచం మనిషిని చూస్తే ఆవిడకి తెలియదా? తెలుసుకుని, మీరు బాధపడతారని ఆవిడ కూడా నటించడం మొదలుపెడుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ఒంటరి మనుషులు!

ముందు ఆవిడనే అడగండి. ఎంత తెలుసుకోవాలనుంది? డాక్టర్ గదిలోకి నేను రావాలా, బయట ఉండాలా? ఇంట్లో ఎవరికి చెప్దాం, ఎవరికి వద్దు? జవాబు ఏదైనా సరే, దాని ప్రకారం నడుచుకోండి. ఫైలు మోయడం, డాక్టర్ చెప్పింది ఫోన్‌లో రాసుకోవడం, ఆ రోజు వంట, పిల్లల స్కూలు, ఇవన్నీ మీరు చూసుకోండి. భార్య స్థానంలో భర్త పేషెంట్ అయినా ఇదే లెక్క.

ఫ్యానీ భర్త ఆ రోజు గురించి ఒక ఉత్తరంలో చదవాల్సి వచ్చింది. మీకు ఆ అవసరం లేదు, మీ మనిషి మీ ఎదురుగానే ఉంది, అడగొచ్చు. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.