ర్యాలీ కారు గేర్‌బాక్స్ మెకానిక్: గోడాదరా నుంచి ఈ దారి ఎంత దూరం?

ర్యాలీ అనగానే మనకు జెండాలు, ఊరేగింపులు గుర్తొస్తాయి. మోటారు క్రీడల్లో ర్యాలీ అంటే వేరు. మట్టి రోడ్లు, కాఫీ తోటల దారులు, ఘాట్ రోడ్లను ట్రాఫిక్ లేకుండా మూసేసి, కార్లను ఒకదాని తర్వాత ఒకటి వదులుతారు. ఎవరు తక్కువ సమయంలో పూర్తి చేస్తే వారిదే గెలుపు. గెలిచినప్పుడు ఫొటోల్లో కనిపించేది డ్రైవర్, పక్కన కూర్చునే కోడ్రైవర్. కారును చివరిదాకా నిలబెట్టే మెకానిక్‌లలో గేర్‌బాక్స్ చూసే మనిషి పేరు చాలామందికి తెలియదు.

సూరత్‌లో లింబాయత్ పక్కనున్న గోడాదరాలో పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి సాంచాల పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలోని కొత్త తరం మగ్గం కాకుండా ఇంకేం పని నేర్చుకోవాలని వెతుకుతోంది. యంత్రాల మధ్య పెరిగిన కుర్రాడికి ఈ వృత్తి అందుతుందా? అందితే బతుకు గడుస్తుందా?

మామూలు కారుకూ దీనికీ తేడా ఏమిటి?

మామూలు కారు గేర్‌బాక్స్‌లో సింక్రోనైజర్ అనే ఇత్తడి రింగు ఉంటుంది. గేరు పడే ముందు అది రెండు భాగాల వేగాన్ని సమానం చేస్తుంది. అందుకే గేరు మెత్తగా పడుతుంది. పోటీ కార్ల గేర్‌బాక్స్‌లో చాలావరకు ఆ రింగు ఉండదు. దాని స్థానంలో డాగ్స్ అనే పెద్ద పళ్లు ఒకదానిలోకి ఒకటి నేరుగా దూరి పట్టుకుంటాయి. లివర్‌ను ముందుకో వెనక్కో లాగితే చాలు, గాళ్లు చెక్కిన డ్రమ్ము తిరిగి ఫోర్కులను జరుపుతుంది. దీన్నే సీక్వెన్షియల్ గేర్‌బాక్స్ అంటారు. గేర్ల పళ్లు కూడా ఏటవాలుగా కాకుండా నిటారుగా కోసి ఉంటాయి. వీటి రొద ఎక్కువ. ర్యాలీ కారు వస్తుంటే దూరం నుంచే వినిపించే ఈల లాంటి మోత అదే.

ప్రపంచ ర్యాలీల రెండో శ్రేణి అయిన ర్యాలీ2 కార్లలో 5 గేర్ల సీక్వెన్షియల్ బాక్స్, నాలుగు చక్రాలకూ శక్తి, ముందొకటి వెనకొకటి మెకానికల్ డిఫరెన్షియల్ ఉంటాయి. మధ్య డిఫరెన్షియల్ ఉండదు. కారు కనీస బరువు 1230 కిలోలు. అంత బరువు గాల్లోకి లేచి నేల మీద పడినప్పుడు, తిరుగుతున్న చక్రం ఒక్కసారిగా రోడ్డును పట్టుకుంటుంది. ఆ దెబ్బంతా గేర్లు, షాఫ్టుల మీదే పడుతుంది.

టెక్నీషియన్ చేసే పని

పని రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది వర్క్‌షాప్. ప్రతి పోటీ తర్వాత గేర్‌బాక్స్‌ను పూర్తిగా విప్పి, కడిగి, ఒక్కో భాగాన్నీ పరీక్షిస్తారు. డాగ్స్ అంచులు గుండ్రంగా అరిగితే గేరు పడినట్టే పడి బయటికి జారుతుంది. ఫోర్కు వంగిందా, డ్రమ్ము గాళ్లు అరిగాయా, బేరింగులు గట్టిగా ఉన్నాయా చూడాలి. కంటికి కనిపించని పగుళ్లను రంగు ద్రవం పూసి పట్టుకుంటారు. ఏ గేరు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో పుస్తకంలో రాసుకుంటారు. గడువు దాటిన భాగం బాగానే కనిపించినా తీసి పక్కన పెడతారు.

డిఫరెన్షియల్ లెక్క వేరు. అందులోని ప్లేట్ల సంఖ్య, ర్యాంపుల కోణం, ముందే ఇచ్చే బిగువు మారితే కారు మలుపు తిరిగే తీరే మారిపోతుంది. మట్టికి ఒక అమరిక, తారు రోడ్డుకు ఇంకో అమరిక. డ్రైవర్ "మలుపులో కారు నేరుగా పోతోంది" అంటే ఏ ప్లేటు మార్చాలో టెక్నీషియన్‌కు తట్టాలి.

రెండోది సర్వీస్ పార్క్. ప్రపంచ చాంపియన్‌షిప్ ర్యాలీల్లో సాయంత్రం సర్వీసుకు 45 నిమిషాలు ఇవ్వడం ఆనవాయితీ. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ 10 సెకన్ల జరిమానా. సెకన్ల తేడాతో గెలుపోటములు తేలే ఆటలో అది పెద్ద శిక్షే. సర్వీస్ పార్క్ దాటాక మెకానిక్ కారును ముట్టుకోకూడదు. దారిలో ఏం చెడినా డ్రైవరూ కోడ్రైవరే, కారులో ఉన్న సామానుతోనే బాగుచేసుకోవాలి.

కాబట్టి ఆ 45 నిమిషాల్లో తీసుకునే నిర్ణయమే అసలు పని. ఆయిల్ తీసే బోల్టుకు అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిద రంగు మెత్తని ముద్ద అంటుకుంటే మామూలు అరుగుదల. రేకుల్లాగానో సూదుల్లాగానో ముక్కలు కనిపిస్తే లోపల ఏదో విరుగుతోంది. అప్పుడు బాక్స్ మార్చాలా, ఇంకో రెండు స్టేజీలు లాగుతుందని వదలాలా? తప్పు చేస్తే కారు కొండ దారి మధ్యలో ఆగుతుంది. డ్రైవ్‌షాఫ్ట్ వేగంలో ఉండగా విరిగితే ప్రాణాల మీదికీ రావచ్చు.

మన దేశంలో ఈ పని ఎక్కడుంది?

దేశంలో మోటారు క్రీడలను నడిపేది 1971లో ఏర్పడిన ఎఫ్‌ఎంఎస్‌సీఐ. దాని కింద జాతీయ ర్యాలీ చాంపియన్‌షిప్ జరుగుతుంది. కోయంబత్తూరు, చెన్నై, బెంగళూరు, చిక్కమగళూరు ఈ ఆటకు పాత అడ్డాలు. కార్లను పోటీకి తయారుచేసే షెడ్లలో కోయంబత్తూరుకు ప్రత్యేక పేరు. సూరత్‌కు దగ్గరగా చూస్తే నాసిక్‌లో ర్యాలీ ఆఫ్ మహారాష్ట్ర జరిగింది. తెలుగు రాష్ట్రాల్లో 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఫార్ములా ఈ రేసు జరిగినా, అది ట్రాక్ పోటీ.

గౌరవ్ గిల్ ఎంఆర్‌ఎఫ్ జట్టు తరఫున స్కోడా ఫాబియా కార్లతో 2013, 2016, 2017ల్లో ఆసియా పసిఫిక్ ర్యాలీ టైటిళ్లు గెలిచాడు. 2019లో అర్జున అవార్డు అందుకున్న తొలి మోటారు క్రీడాకారుడు అతనే. అయితే దేశీయ పోటీల్లో ఎక్కువగా కనిపించేది ఫోక్స్‌వ్యాగన్ పోలో లాంటి కార్లే. అంటే ఇక్కడ పని నేర్చుకునేవాడు ముందు మామూలు గేర్‌బాక్స్ మీద పట్టు సాధించాలి.

మగ్గం నుంచి మోటారు దాకా

ఈ లెక్క సాంచాల దగ్గర పెరిగినవారికి కొత్తేమీ కాదు. మగ్గంలో బట్ట చుట్టుకునే భాగంలో ఒక మార్పిడి చక్రం ఉంటుంది. దాని పళ్ల సంఖ్య మారిస్తే అంగుళానికి పడే పేక పోగుల సంఖ్య మారుతుంది. కారు గేరు నిష్పత్తి కూడా అదే సూత్రం. చప్పుడు తేడాను బట్టి మగ్గంలో ఏది వదులైందో చెప్పే జాబర్ చెవి, గేర్‌బాక్స్ దగ్గరా పనికొస్తుంది.

కానీ చెవి ఒక్కటే చాలదు. మైక్రోమీటర్, డయల్ గేజ్, టార్క్ రెంచ్ వాడి మిల్లీమీటరులో వందో వంతు కొలవడం రావాలి. అందుకు చదువు కావాలి.

- పదో తరగతి తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేళ్లు. సూరత్‌లో మజూరా గేట్ దగ్గర ప్రభుత్వ ఐటీఐ ఉంది. ఫిట్టర్, మెషినిస్ట్ ట్రేడులు కూడా ఈ దారికి పనికొస్తాయి.
- ఆ తర్వాత కార్ల కంపెనీలో అప్రెంటిస్‌షిప్. గుజరాత్‌లోనే సనంద్‌లో టాటా, హన్సల్‌పూర్‌లో సుజుకీ కర్మాగారాలున్నాయి.
- ఐటీఐ పాసైనవారు డిప్లొమా రెండో ఏడాదిలో చేరే వీలుంది.
- ఇంజనీరింగ్‌లో చేరితే బాజా ఎస్‌ఏఈ పోటీ జట్టులో చేరాలి. గేర్‌బాక్స్‌ను సొంతంగా రూపొందించి, విరగ్గొట్టుకుని నేర్చుకునే చోటు అది.

భాష ఒక అడ్డంకి. సూరత్ మునిసిపల్ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం ఉంది గానీ, పైకి వెళ్లేకొద్దీ గుజరాతీ, హిందీ, ఇంగ్లిష్ తప్పవు. గేర్‌బాక్స్ తయారీదారుల మాన్యువళ్లు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లిష్ పదో తరగతి నుంచే పట్టుకోవాలి.

బతుకు గడుస్తుందా?

నిజం చెప్పాలంటే, గేర్‌బాక్స్ ఒక్కటే చూసే పూర్తికాలపు ఉద్యోగాలు మన దేశంలో చాలా తక్కువ. జట్లు చిన్నవి, పోటీలు ఏడాదిలో కొన్నే. ఒకే మెకానిక్ ఇంజిన్, సస్పెన్షన్, గేర్‌బాక్స్ అన్నీ చూడాల్సి వస్తుంది. స్పాన్సర్ తప్పుకుంటే జట్టే ఉండదు. రాత్రుళ్లు మేలుకోవాలి, వారాల తరబడి ఇంటికి దూరంగా ఉండాలి. ఈ రంగంలో ఉన్న చాలామంది ఏడాది పొడవునా మామూలు వర్క్‌షాప్ నడుపుకుంటూ, సీజన్‌లో ర్యాలీలకు వెళ్తారు.

విదేశాల్లో ఈ పని పరిశ్రమగా ఉంది. బ్రిటన్‌లోని ఎక్స్‌ట్రాక్ కంపెనీ 1980ల్లో ర్యాలీక్రాస్ కారు కోసం చేసిన నాలుగు చక్రాల డ్రైవ్ వ్యవస్థతో మొదలై ప్రపంచ స్థాయి గేర్‌బాక్స్ తయారీదారుగా ఎదిగింది. ఫ్రాన్స్‌లోని సాదేవ్ కూడా అలాంటిదే. అక్కడికి చేరాలంటే డిప్లొమా లేదా డిగ్రీ, పనిచేసిన రుజువు, వీసా మూడూ కావాలి.

ఎలక్ట్రిక్ కార్లొస్తే ఈ విద్య వృథా అవుతుందా? గేర్ల సంఖ్య తగ్గుతుంది. కానీ వేగం తగ్గించే గేర్లు, డిఫరెన్షియల్, షాఫ్టులు, బేరింగులు వాటిలోనూ ఉంటాయి.

అందుకే గోడాదరా కుర్రాడికి చెప్పదగ్గ మాట ఇదే. ర్యాలీని నమ్ముకుని చదువు మానొద్దు. గేర్‌బాక్స్ పనిని నమ్ముకుని చదవాలి. ర్యాలీ దొరికితే పేరొస్తుంది, దొరక్కపోయినా సూరత్ రోడ్ల మీద తిరిగే ప్రతి లారీకీ, ప్రతి టెంపోకీ గేర్‌బాక్స్ ఉంది.