అపరాధం: గురి తప్పిన బాణం
ఐరిష్ నేర నవలలనూ మనం 'అపరాధ పరిశోధన' గాటనే కట్టి, హంతకుడు దొరికితే కథ అయిపోయిందనుకుంటాం. 'అపరాధం' అనే మాట అంత చిన్నది కాదు. సంస్కృతంలో రాధ్ ధాతువుకు 'అప' చేరితే గురి తప్పడం; బాణం గురి తప్పిన విలుకాడిని అమరకోశం 'అపరాద్ధపృషత్కుడు' అంటుంది. ఆరాధన పుట్టిందీ ఆ ధాతువు నుంచే. తెలుగులో తప్పు, నేరం అనే అర్థాలు నిలిచాయి. డిటెక్టివ్ నవలల పుణ్యమా అని అవీ హత్య దగ్గరే ఆగాయి. ఐరిష్ రచయిత జాన్ బాన్‌విల్ 2006లో బెంజమిన్ బ్లాక్ పేరుతో రాసిన 'క్రిస్టీన్ ఫాల్స్'లో నాకు పాత అర్థమే వినిపిస్తుంది. అది 1950ల నాటి డబ్లిన్. పెళ్లికాని తల్లుల బిడ్డలను చర్చి అండతోనే అమెరికాకు తరలిస్తుంటారు. గురి తప్పింది ఒక మనిషిది కాదు, ఊరందరిదీ. నవల బయటా అంతే: చర్చి సన్యాసినులు జీతం లేని చాకిరీ చేయించిన మాగ్డలీన్ లాండ్రీల్లో మగ్గిన స్త్రీలకు ఐర్లాండ్ ప్రభుత్వం క్షమాపణ చెప్పడానికి 2013 దాకా పట్టింది.