ఒకే బడి, రెండు మాటలు



పోయిన నెలలో సభ్యత్వ పుస్తకాలు పట్టుకుని హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగాము. మేము చందా కోసం పోతే, మాట మాత్రం ప్రతి ఇంట్లోనూ ఊరి తెలుగు బడి మీదికే పోయింది. ఒక వీధిలో ఎదురెదురు ఇళ్లు. ఒక ఇంటాయన, "ఆ బడిలో వేసి మావాడి బతుకు పాడు చేసినాము" అన్నాడు. ఎదురింటి అక్క, "ఆ బడే లేకుంటే నా బిడ్డకు చదువే లేదు" అంది. ఇద్దరి పిల్లలూ చదివింది ఒకే ఎలిమెంటరీ బడి. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. రెండూ ఎట్లా నిజమయ్యాయో తెలియాలంటే ఈ బడులు నడిచివచ్చిన దారి చూడాలి.

మన తాతలు ఎక్కడి నుంచో ఇక్కడికి వచ్చినవాళ్లు కారు. గీతలే మారాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు సేలం జిల్లాలో ఉన్న హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే నిలిచిపోయింది. 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. ఎన్ని జిల్లాలు మారినా ఇంట్లో మాట తెలుగే.

ఇట్లా గీతకు ఇవతల మిగిలిన పిల్లల కోసం 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రులు కూర్చుని ఒక లెక్క పెట్టారు. బడి మొత్తం మీద 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఒక భాష పిల్లలు ఉంటే, ఆ భాషలో ప్రాథమిక చదువు చెప్పాలన్నారు. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలోకి 350ఎ అధికరణం వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక చదువుకు తగిన వసతి కల్పించమని అది రాష్ట్రాలకు చెబుతుంది. ఈ 40, 10 అంకెలను గుర్తుపెట్టుకోండి.

చదువు భాష ఏదైనా, పిల్లలు బడికి రావాలి కదా. 1953లో మన తొరపల్లిలో పుట్టిన రాజాజీ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, పల్లె బడులలో మూడు గంటలే పాఠాలు, మిగతా పొద్దు ఇంటి వృత్తి నేర్చుకోవాలనే పద్ధతి పెట్టారు. కులవృత్తిలోనే కట్టేస్తారా అని ఎంతోమంది ఎదురు తిరిగారు. కామరాజ్ 1954లో దాన్ని తీసేశారు. ఆయన 1956లో మొదలుపెట్టిన మధ్యాహ్న భోజనం, 1982లో ఎంజీఆర్ పెంచిన సత్తుణవు పథకం, 2022లో వచ్చిన ఉదయం టిఫిను, ఈ మూడూ కూలి ఇళ్ల పిల్లలను బడికి తెచ్చాయి. ఎదురింటి అక్క కథ ఇదే. పొద్దున్నే పూల తోటకు పోయే మనిషి. పాప కడుపుకు కూడు, చేతికి పుస్తకం రెండూ బడే ఇచ్చింది. రెండు దినాలు పాప రాకపోతే అయ్యవారే ఇంటికొచ్చి అడిగేవారట. ఇప్పుడు ఆ పాప నర్సు పని చేస్తోంది. వాళ్ల అవ్వకు పెండ్లి పత్రికలు తెలుగులో చదివి వినిపించేది కూడా ఆ పాపే.

ఇక మొదటి ఇంటాయన సంగతి. 1970ల తర్వాత హోసూరులో సిప్‌కాట్ ఫ్యాక్టరీలు వచ్చాయి. గేటు దగ్గర అడిగేది తమిళం, లోపల అడిగేది ఇంగ్లీషు. ఆయన కొడుకు అయిదో తరగతి దాకా తెలుగులో చదివాడు. ఆరుకు దగ్గరలో ఉన్నది తమిళ బడి. ఏడాది పాటు వెనక బెంచీలో నోరు తెరవకుండా కూర్చున్నాడు. పదో తరగతి తప్పాడు. బిడ్డ మొద్దు కాదు, దాటడానికి మధ్యలో వంతెన లేదు. ఆ దెబ్బకు ఆయన కూతుర్ని ఇంగ్లీషు మీడియం వ్యాను ఎక్కించాడు. ఆయనను తప్పు పట్టగలమా?

2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. అప్పటిదాకా ఆ స్థానంలో ఉన్న తెలుగు ఐచ్ఛికంగా పక్కకు జరిగింది. ఒకటో తరగతి నుంచే తమిళం నేర్పడం మన పిల్లలకు మంచిదే, ఆ వంతెన అదే కావచ్చు. అయితే చెప్పే అయ్యవారు ఉండాలి కదా! మొదటి జట్టు 2016లో పదో తరగతి పరీక్షకు వచ్చేసరికి, తమిళం సరిగా చెప్పనే లేదని అల్పసంఖ్యాక భాషల పిల్లలు మద్రాసు హైకోర్టు మెట్లెక్కి మినహాయింపు తెచ్చుకోవాల్సి వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు మళ్లీ ఒక ఏడాదికి మినహాయింపు ఇచ్చింది. ఏడాదికోసారి కోర్టు దయతో గట్టెక్కడం చదువు అనిపించుకోదు.

ఇప్పుడు ఆ అంకెల దగ్గరికి వద్దాం. విద్యాహక్కు చట్టం లెక్కలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు అయ్యవార్లు. అంటే అయిదు తరగతులకు ఇద్దరు. ఒకరు సెలవు పెడితే అయిదు తరగతులూ ఒకే గదిలో. అది చూసి తల్లిదండ్రులు పిల్లల్ని తీసేస్తారు. పిల్లలు తగ్గితే పోస్టు నిలవదు. పోస్టు పోతే మిగిలినవాళ్లూ పోతారు. 40, 10 అనే అంకెలు మనకు హక్కు ఇచ్చాయి. ఆ అంకెలే పడిపోతే హక్కు కాగితం మీదే మిగులుతుంది.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. తెలుగు బడి నిలబెట్టమని అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది మేమే. ఇంటికొచ్చి మా పిల్లలకు ఇంగ్లీషు మీడియం ఫీజు కట్టిందీ మేమే. సంఘం కార్యవర్గంలో ఎంతమంది పిల్లలు ఆ బడిలో చదివారని ఆ ఇంటాయన సూటిగా అడిగితే మా దగ్గర జవాబు లేకపోయింది. బడికి పంపాల్సిన బాధ్యతను కూలి ఇళ్ల మీద వేసి, తెలుగు అభిమానం మాత్రం మనం ఉంచుకున్నాం.

అందుకే ఈసారి పాత అర్జీ వద్దంటున్నాము. తెలుగా, తమిళమా అని తల్లులను నిలదీయడం మానేద్దాం. మూడు సంగతులు అడుగుదాం. తెలుగు తెలిసిన మనిషి మన పిల్లలకు ఒకటి నుంచి తమిళం చక్కగా నేర్పాలి. ఆరులో చేరేముందు ఎండాకాలం సెలవుల్లో తమిళంలో తర్ఫీదు ఉండాలి. ఏ మీడియంలో చదివినా కోరిన పిల్లవాడికి తెలుగు ఒక పాఠంగా దొరకాలి. రెండోదానికి సర్కారు కోసం కాచుకోనక్కర లేదు, సంఘం గది ఖాళీగానే ఉంది.

ఇంకొకటి. బడి నిర్వహణ కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని చట్టమే చెబుతుంది. ఆ కుర్చీల్లో మనవాళ్లు కూర్చుంటున్నారా? అయ్యవారు ఎన్ని దినాలు వస్తున్నారో, పుస్తకాలు ఎప్పుడు అందుతున్నాయో అక్కడ అడగవచ్చు. ఆ ఎదురింటి అక్కను పోటీకి నిలబడమని అడిగాము. "నాకేం తెలుసయ్యా" అంది. ఆ బడి గురించి ఆమెకు తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు.

జూన్‌లో చేరికలు మొదలయ్యే లోపల ఊరూరా ఒకసారి కూర్చుందాం. మీ ఊరి బడి మీకు చేసిన మేలూ చెప్పండి, కీడూ చెప్పండి. రెండూ రాసుకుంటాము. ఈసారి మా ఇళ్లలోనుంచి ఎంతమందిని ఆ బడికి పంపుతామో ఆ పుస్తకంలో మొదటి పుటలో రాసి తెస్తాము.