మజి మజి తిరుగుబాటు

జర్మన్ తూర్పు ఆఫ్రికాలో, నేటి టాంజానియా ప్రధాన భూభాగమైన ప్రాంతంలో, 1905 నుంచి 1907 వరకు సాగిన ప్రజా తిరుగుబాటు. మంత్రజలంపై నమ్మకమే దానికి ఊపిరి. స్వాహిలీలో ‘మజి’ అంటే నీరు.

1904లో న్గరంబె గ్రామవాసి కింజికిటిలె న్గ్వాలెకు హోంగో అనే దేవత పూనిందని జనం నమ్మారు. నీటిలో ఆముదం, చిరుధాన్యం గింజలు కలిపి ఆయన మందు ఇచ్చేవాడు. అది ఒంటికి తగిలితే జర్మన్ల తూటాలు నీళ్లైపోతాయని చెప్పాడు. జాతరకు వెళ్లినట్టు జనం న్గరంబెకు బారులు తీరారు. పంటలకు, రోగాలకు మంత్రించిన నీళ్లు వాడడం అక్కడ పాత అలవాటే. యుద్ధానికి వాడడమే కొత్త.

దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం అన్యాయం. జర్మన్ల పన్నులు, బలవంతపు పత్తి సాగు జనాన్ని అప్పటికే కుంగదీశాయి. ఒకే రాజు లేని ఇరవైకి పైగా తెగలను ఆ నీరు ప్రమాణంలా కలిపింది. 1905 జూలైలో మటుంబి రైతులు పత్తి మొక్కలు పీకేసి తిరగబడ్డారు. ఆగస్టు 4న కింజికిటిలెను ఉరితీసినా ఉద్యమం ఆగలేదు.

ఆగస్టు 30న మహెంగెలోని జర్మన్ కోట ముందు మెషీన్‌గన్లు వందలమంది తిరుగుబాటుదారులను కూల్చాయి. తర్వాత జర్మన్ సేనలు పంటలు, ధాన్యం తగలబెట్టాయి. తూటాలకన్నా కరువే ఎక్కువమందిని చంపింది. మృతులు 75,000 అని జర్మన్ల లెక్క. 2,50,000 దాటవచ్చని చరిత్రకారుల అంచనా. 2023 నవంబరులో జర్మనీ అధ్యక్షుడు స్టైన్‌మైయర్ టాంజానియాలోని సోంగియాలో క్షమాపణ కోరారు.