విక్టోరియారాణి నాటి నవలలలో బీదబాలుడు



ఇంగ్లండు దేశమును విక్టోరియారాణి 1837 మొదలు 1901 వఱకు పాలించెను. ఆ కాలమున అచ్చట వెలువడిన నవలలకు లెక్క లేదు. వానిలో పేరుగన్నవానిని చేతికి తీసికొన్నచో ఒక విశేషము కానవచ్చును. మన కావ్యములందు నాయకుడు ధీరోదాత్తుడో ధీరలలితుడో అయి యుండవలెను గదా! ఆ నవలలందు నాయకస్థానమున తఱచుగా ఒక చిన్నపిల్లవాడు కూర్చుండును. తల్లిదండ్రులు లేనివాడు, కడుపునకు చాలనివాడు. మనకును ధ్రువుడు, ప్రహ్లాదుడు కలరు. కాని వారు రాజకుమారులు, భక్తాగ్రేసరులు. కూలి చేసికొని బ్రదుకు బాలుని కథకు నాయకుని జేయుట వేఱుమాట. ఆ రచయితల దయ ఆ బాలునియెడ ఎంతదూరము నడచెనో, ఎచ్చట నిలిచిపోయెనో విచారించుటయే నేటి ప్రసంగము.

ముందుగా దేశస్థితి చెప్పవలెను. ఆవిరియంత్రములు వచ్చిన పిదప నూలు వడకుటయు బట్ట నేయుటయు ఇండ్లను విడిచి మిల్లులకు పోయెను. తెగిన పోగులను ముడివేయుటకు చిన్నవ్రేళ్లును, కదలుచున్న యంత్రము క్రింద దూరి దూది యేరుటకు చిన్నదేహములును యజమానులకు కావలసివచ్చెను. పెద్దల కూలిలో కొద్దిభాగమే యిచ్చి పిల్లలను పనిలో పెట్టుకొనిరి. 1833లో పార్లమెంటువారు శాసనము చేసి, పట్టుమిల్లులు తప్ప తక్కిన బట్టలమిల్లులలో 9 ఏండ్లు నిండని పిల్లలను పెట్టుకొనరాదనియు, 13 ఏండ్లలోపు వారిచే దినమునకు 9 గంటలకు మించి పని చేయింపరాదనియు విధించిరి. తొమ్మిదేండ్ల బిడ్డ తొమ్మిది గంటలు పాటుపడుటయే దయగా నెంచబడినప్పుడు, అంతకుముందరి స్థితి యెట్టిదో మీరే యూహింపవచ్చును. 1842లో బొగ్గుగనులను గూర్చిన నివేదిక వెలువడెను. గనులలో గాలితలుపులను తెఱచి మూయుటకై అయిదాఱేండ్ల పిల్లలు చీకటిలో ఒంటరిగా గంటలతరబడి కూర్చుండుచుండిరని దేశమునకు తెలిసినది. ఆ యేడే స్త్రీలను, 10 ఏండ్లలోపు బాలురను గనులలోనికి దింపరాదని శాసించిరి.

పని దొరకని బీదలకు సత్రములు ఉండెను. మన అన్నసత్రములవంటివని భావింపకుడు. మనవారు పుణ్యముకొఱకు అన్నము పెట్టుదురు. అచ్చట తిన్నవాడు మరల రాకుండునట్లు పెట్టెడివారు. 1834 నాటి బీదల చట్టముచే ఈ పద్ధతి స్థిరపడెను. సత్రమున ప్రవేశించిన కుటుంబములో భర్త నొకచోట, భార్య నొకచోట, పిల్లల నింకొకచోట ఉంచుచుండిరి. 1837లో చార్లెసు డికెన్సు వ్రాయనారంభించిన ఆలివర్ ట్విస్టు కథ అట్టి సత్రముననే మొదలగును. ఆలివర్ అచ్చటనే పుట్టినవాడు, ఇంకకొంచెము గంజి అడిగినందుకు శిక్షింపబడినవాడు.

డికెన్సు దీనిని విని వ్రాసినవాడు గాడు. ఆయన 1812లో జన్మించెను. తండ్రి నౌకాదళమువారి జీతముల కచేరీలో గుమాస్తా. రాబడికి మించిన వ్యయము చేయువాడు. 1824లో సుమారు 40 పౌనుల బాకీ తీర్పలేక మార్షల్సీ యను ఋణస్థుల చెఱసాలకు పోయెను. తల్లియు చిన్నపిల్లలును ఆయనతోకూడ చెఱసాలలోనే కాపురముండిరి. పండ్రెండేండ్ల చార్లెసు మాత్రము వెలుపల ఒంటరిగా నుండి, థేమ్సునది యొడ్డున ఎలుకలు తిరుగు పాతయింటిలో బూట్లకు పూయు నల్లని పాలిషు అమ్మువారియొద్ద పనికి కుదిరెను. జాడీల మూతికి నూనెకాగితమును, దానిపై నీలికాగితమును కప్పి, దారము చుట్టి, చీటి అంటించుట పని. జీతము వారమునకు ఆఱు షిల్లింగులు. అదే కాలమున అక్క ఫానీ సంగీతకళాశాలలో చదువుచుండెను.

అచ్చటి కూలిపిల్లలు వీనిని చిన్నదొర యని పిలుచుచుండిరి. వారిలో బాబ్ ఫేగిన్ అనువాడొకడు. తల్లిదండ్రులు లేరు, పడవ నడుపు బావగారి యింట నుండువాడు. ఒకనాడు చార్లెసునకు ప్రక్కలో పోటు వచ్చి నేలపై పొరలగా, బాబు ఖాళీసీసాలలో వేడినీరు నింపి పూటంతయు వాని ప్రక్కకు కాపడము పెట్టెను. సాయంకాలము ఒంటరిగా పంపుటకు మనసొప్పక ఇల్లు చేర్చెదనని వెంటబయలుదేరెను. తనవారు చెఱసాలలో నున్నారని చెప్పుటకు చార్లెసునకు నోరు రాలేదు. సదర్కు వంతెనదగ్గఱ ఎవరిదో యింటిమెట్లపై నిలిచి, ఇదియే మా యిల్లని చేయి కలిపి పంపివేసెను. బాబు వెనుదిరిగి చూచునేమో యని తలుపు తట్టి, ఇది రాబర్టు ఫేగిన్ గారి యిల్లా యని అడిగెనట!

ఈ చిన్నకథలోనే నేను చెప్పదలచిన దంతయు నున్నది. ఆకలికంటెను, పనికంటెను, ఆ బాలుని ఎక్కువగా కాల్చినది తాను కూలివారితో జత కావలసివచ్చెననుట. విద్వాంసుడు కాదలచిన తాను వారిలో నొకడైతినని పెద్దయైన పిదపకూడ కుమిలెను. స్నేహితుడగు జాన్ ఫార్‌స్టరునకు తప్ప బయటివారికి చెప్పుకొనలేదు.

ఇప్పుడు ఆలివర్ కథను మరల చూడుడు. సత్రమున పుట్టి పెరిగిన వానికి సత్రపుభాష రాదు. మంచి దొరబిడ్డవలె స్వచ్ఛముగా మాటలాడును. దొంగలలో నున్నను దొంగతన మంటదు. తుదకు వాడు పెద్దకుటుంబమువాని కుమారుడనియు, తండ్రి ఆస్తి కలదనియు తెలియును. కావున వానికి ఉద్ధారము కలిగెను. వానివలెనే సత్రమున పెరిగి, వెడలునప్పుడు దీవించిన డిక్కు అను చిన్నవాడు మరణించును. నిజముగా వీథిలో పుట్టిన జేబుదొంగ పిల్లవానికి ద్వీపాంతరవాసము. 1852లో మొదలైన బ్లీక్ హౌసు అను నవలలో, పెద్దమనుష్యుల జోళ్లకు బురద యంటకుండ బాట యూడ్చు జో అను బాలునకు మరణమే. పాఠకుడు కన్నీరు విడుచును. కాని ఆ కన్నీరు వారిలో ఒక్కనికైన ఇల్లు కట్టియిచ్చినది లేదు. దొంగపిల్లలను పోషించు దుష్టవృద్ధునకు రచయిత పెట్టిన పేరేమందురా? ఫేగిన్. కాపడము పెట్టినవాని పేరు! ఇది కృతఘ్నతయని నేననను. వాని స్నేహమునకు ఆ బాలుడెంత భయపడెనో దానికి సాక్ష్య మనెదను. ఆ స్నేహములో స్థిరపడినచో ఇక పైకి రాలేడు గదా!

ఇతరులను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. షార్లెట్ బ్రాంటీ యను విదుషి ఇద్దరక్కలు మతగురువుల కుమార్తెల బడిలో జబ్బుపడి 1825లో మరణించిరి. 1847 నాటి జేన్ ఐర్ నవలయందలి లోవుడ్ బడికి మూలము అదియే. చార్లెసు కింగ్‌స్లీ 1863లో ప్రకటించిన కథలో టామ్ పొగగొట్టములలోనికి ఎక్కి మసి తుడుచువాడు. పిల్లల నట్లు ఎక్కింపరాదని 1840లోనే శాసనమున్నను వినినవారు లేరు. 1875 నాటి శాసనముతో గాని ఆ దురాచారము అంతరింపలేదు. మావంటి ఉపాధ్యాయులు చదువదగినది డికెన్సు 1854లో వ్రాసిన హార్డ్ టైమ్సు. గుఱ్ఱముల నడుమ పెరిగిన సర్కసువాని కూతురు తరగతిలో గుఱ్ఱమునకు లక్షణము చెప్పలేకపోవును. దంతములసంఖ్య కంఠస్థము చేసిన బాలునికి మెప్పు. లక్షణము నెఱిగి లక్ష్యము నెఱుగని తార్కికులు మనలోను లేకపోలేదు.

డికెన్సు 1860లో ఆరంభించిన గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్సు అను నవలలో, నా యభిప్రాయమున, పాతబాకీ తీర్పబూనెను. పిప్ అను అనాథ బాలుడు అక్కయింట పెరుగుచుండును. బావ జో కమ్మరి. అక్షరజ్ఞానము తక్కువ, మనసు బంగారము. ధనికుల యింటికి ఆడుకొనబోయిన పిప్ పేకలో నొకముక్కను పామరుల పేరుతో పిలిచెను. ఎస్టెల్లా యను బాలిక నవ్వి, వాని చేతులు మొఱకువనియు, బూట్లు మోటువనియు ఆక్షేపించెను. అంతవఱకు వాడు తన చేతులను చూచుకొని సిగ్గుపడినవాడు గాడు. ఆ దినమునుండి కొలిమి వానికి రోత. తరువాత ఎవరో పంపిన ధనముతో లండనులో దొర యగును. బావ చూడవచ్చును. పిప్ ధనమిచ్చియైన వానిని రాకుండ జేయ గలిగిన బాగుండునని తలచును. జో టోపీ ఎచ్చట పెట్టుకొనవలెనో తెలియక తడబడుచు, ఒకమాఱు పిప్ అనియు, ఒకమాఱు అయ్యా యనియు పిలుచును. ఆ ధనము ఆ ధనికురాలిదని పిప్ మురియుచుండగా, అది పంపినవాడు చిన్ననాడు తాను అన్నము పెట్టిన ఖైదీ యని తుదకు తెలియును. దొరతనమునకు ఆధారము ఒక దోషి చెమట! ఇచ్చట దొరబిడ్డ రక్తముచే ఉద్ధారము లేదు. జబ్బుపడిన పిప్‌నకు శుశ్రూష చేసి, అప్పు తీర్చి, చెప్పకయే వెడలిపోవువాడు కమ్మరి.

డికెన్సు 1870 జూన్ 9వ తేదీన దివంగతుడయ్యెను. ఆ యేటనే ఇంగ్లండున ప్రాథమికవిద్యా శాసనము పుట్టెను. పిల్లలు బడికి పోవుట 1880లో నిర్బంధమయ్యెను. పాలిషుజాడీల కథయు, వేడినీటిసీసాల కథయు 1872లో ఫార్‌స్టరు జీవితచరిత్రను ప్రకటించిన పిదపనే పాఠకలోకమునకు తెలిసెను. అప్పటికి ముప్పదియేండ్లకు పైగా ఫేగిన్ అన్నచో దొంగలనాయకుడే యని లోకమెఱిగియుండెను.